చాక్లెట్ పాలు: డబ్బా పొడితోనా, ఇంటి కోకోతోనా?

“అన్నం దగ్గర కూర్చోబెడితే నాలుగు మెతుకులు కూడా తినదు డాక్టరుగారూ! చాక్లెట్ పాలు మాత్రం మూడు పూటలా గ్లాసు నిండా తాగుతుంది. అదొక్కటే మాకు ధైర్యం.”

ఏడేళ్ల కూతురిని వెంటబెట్టుకుని మా ఆసుపత్రికి వచ్చిన ఒక తల్లి అన్న మాటలివి. పిల్ల చూడటానికి బొద్దుగానే ఉంది. బరువు వయసుకు తగినంత ఉంది. కాని మెట్లెక్కితే ఆయాసపడుతోందని, క్లాసులో కునికిపాట్లు పడుతోందని బళ్లో టీచరు చెప్పి పంపారట. కింది కనురెప్ప లాగి చూశాను. ఎర్రగా ఉండవలసిన చోట తెల్లగా పాలిపోయి ఉంది. నాలుకా అంతే. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8 గ్రాములు వచ్చింది. ఆ వయసు పిల్లలకు 11.5 గ్రాములైనా ఉండాలి. నోరు తెరవమంటే వెనక దంతాలు మూడు పుచ్చిపోయి కనిపించాయి.

“మూడు పూటలా పాలు తాగే పిల్లకు రక్తం లేకపోవడమేమిటండీ?” అని ఆ తల్లి తెల్లబోయింది.

మీలో చాలామందికి కూడా ఈ సందేహమే రావచ్చు. పాలంటే బలం. పాలల్లో పొడి కలిపితే ఇంకా బలం. ఇది మనకు టీవీ నేర్పిన లెక్క. ఒక్క టీవీనే అని ఏం లాభం? ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే నేర్పాను. నీరసంగా ఉన్న పిల్లవాణ్ణి ఎవరైనా తీసుకొస్తే మందులు రాసి, ఆ చీటీ కింద “ఏదైనా బలం పొడి పాలల్లో కలిపి ఇవ్వండి” అని కూడా రాసేవాణ్ణి. రోజు కూలి మీద బతికే కుటుంబం వాళ్లు ఆ చీటీ పట్టుకుని మందుల షాపుకు వెళ్లి, వారానికి సరిపడే గుడ్లు, కందిపప్పు వచ్చే డబ్బు పోసి డబ్బా కొనుక్కుని వెళ్లేవాళ్లు. ఆ పని చేసినందుకు నాకు ఈనాటికీ సిగ్గుగానే ఉంటుంది.

అలాగని చాక్లెట్ పాలు విషమేమీ కాదు. మా ఇంట్లోనూ చలికాలం సాయంత్రాలు కాచుకుంటాం. దేనితో కాస్తున్నాం, ఎప్పుడు తాగుతున్నాం అన్నదాంట్లోనే ఉంది సంగతంతా.

డబ్బా వెనక్కి తిప్పండి

మర్నాడు వచ్చేటప్పుడు ఆ డబ్బా తెమ్మన్నాను. తెచ్చింది. ముందువైపు చూస్తే కండలు తిరిగిన పిల్లవాడి బొమ్మ ఉంది, విటమిన్ల పేర్లున్నాయి. వెనక్కి తిప్పి చదవమన్నాను. “ఇంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారండీ!” అంది. నిజమే, నా కళ్లజోడుకీ అవి ఒక పట్టాన అందలేదు.

ఆహార పదార్థాల పొట్లం మీద ఏయే దినుసులు కలిపారో వరసగా రాస్తారు. ఆ వరసకు ఒక నియమం ఉంది. ఏది ఎక్కువ బరువు ఉంటే దాని పేరు ముందు రావాలి. మీ చేతిలోని డబ్బా మీద మొదటి రెండు మూడు పేర్లలో ‘షుగర్’ అని ఉంటే ఆ పొడిలో దాని వాటా పెద్దదేనన్నమాట. ఒక్కోసారి ఆ చక్కెరే వేరే వేషాలు కూడా వేస్తుంది. లిక్విడ్ గ్లూకోజ్, కార్న్ సిరప్ అన్నా అదే కుటుంబం. మాల్టోడెక్స్‌ట్రిన్ అనేది పేరుకు పిండిపదార్థమే గాని కడుపులో పడగానే చక్కెరంత వేగంగా గ్లూకోజుగా మారుతుంది. ఆ కిందనే పోషక విలువల పట్టిక ఉంటుంది. అందులో ‘యాడెడ్ షుగర్స్’ అన్న వరుస చూడండి. నూరు గ్రాముల పొడిలో బయటినుంచి కలిపిన చక్కెర ఎంతో అక్కడ తెలిసిపోతుంది.

ఆ తల్లి తెచ్చిన డబ్బా మీద అది 35 గ్రాములు. ఇక ఇద్దరం కలిసి లెక్క వేశాం. గ్లాసుకు రెండు పెద్ద చెంచాల పొడి వేస్తుంది, అంటే సుమారు 20 గ్రాములు. అందులో చక్కెర 7 గ్రాములు. తియ్యదనం చాలదని పైన రెండు టీచెంచాల పంచదార, అది 10 గ్రాములు. వెరసి గ్లాసుకు 17, మూడు గ్లాసులకు 51 గ్రాములు. ఏడెనిమిదేళ్ల పిల్లకు రోజంతటికీ కావలసిన శక్తి సుమారు 1700 కాలరీలు. కలిపిన చక్కెర ద్వారా వచ్చేది ఇందులో పదోవంతుకు మించరాదనీ, ఇరవయ్యోవంతుకు తగ్గించగలిగితే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పదోవంతు అంటే 42 గ్రాములు. ఇరవయ్యోవంతు అంటే 21 గ్రాములు, నాలుగు టీచెంచాలు. ఈ పిల్లకు బిస్కెట్లు, బళ్లో పుట్టినరోజు మిఠాయిలు లెక్కలోకి తీసుకోకుండానే 51 గ్రాములయింది! పళ్లెందుకు పుచ్చవు?

‘డ్రింకింగ్ చాక్లెట్’ పేరుతో దొరికే పొడి ఇంకో రకం. అందులో సగానికి పైగా చక్కెరే ఉంటుంది. ‘చాక్లెట్ సిరప్పు’ అంటే రంగూ వాసనా పట్టించిన పాకం అనుకోండి, పెద్ద పొరపాటు కాదు.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. ఇటువంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్స్’ అన్న శీర్షిక కింద పెట్టి అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ అమ్మకపు కంపెనీలకు సూచన పంపింది. కారణమేమిటంటే, 2006లో వచ్చిన మన ఆహార భద్రతా చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అన్న మాటకు అసలు నిర్వచనమే లేదు. ఇన్నేళ్లూ మనం చీటీల మీద రాసిందీ, మీరు కొన్నదీ చట్టానికి తెలియని వస్తువన్నమాట.

మరి రక్తమెందుకు తగ్గింది?

ఆ తల్లి ఊరుకోలేదు. “డబ్బా మీద ఇనుము కూడా ఉందని రాశారు కదండీ!” అంది. మంచి ప్రశ్న.

పాలల్లో మాంసకృత్తులున్నాయి, కాల్షియం ఉంది. కాని ఇనుము దాదాపు లేదు. గ్లాసెడు పాలల్లో ఒక మిల్లీగ్రాములో పదోవంతు ఉంటే గొప్ప. ఏడెనిమిదేళ్ల పిల్లకు ఆహారంలో రోజుకు కావలసింది సుమారు 15 మిల్లీగ్రాములు. మూడు గ్లాసుల చిక్కటి తీపి పాలతో పొట్ట నిండిపోతే ఆ పిల్ల పప్పు, ఆకుకూర, గుడ్డు తినేదెప్పుడు? ఇనుము వచ్చే తిండిని పాలు పక్కకు నెట్టేశాయి. ఇదీ మొదటి కారణం, అసలు కారణం కూడా.

రెండోది కొంచెం సూక్ష్మమైనది. తిన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లేది కొంతే. పాలల్లోని కాల్షియం దానికి కొంత అడ్డు పడుతుంది. కోకోలో, టీలో వగరు పుట్టించే పాలీఫినాల్స్ అనే పదార్థాలున్నాయి. అవి శాకాహారంలోని ఇనుమును పట్టుకుని వదలవు. అందుకే భోజనంతో పాటుగాని, భోజనం కాగానేగాని టీ తాగవద్దని మేము రక్తహీనత ఉన్నవారికి చెబుతుంటాం. కోకోకూ అదే మాట వర్తిస్తుంది. కాబట్టి డబ్బా మీద రాసిన ఇనుము డబ్బాలో ఉన్నది నిజమే కావచ్చు. పిల్ల రక్తంలోకి చేరేది మాత్రం అంత కాదు.

ఇదేదో ఒక్క పిల్ల కథ అనుకోకండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరునెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇందుకు చాక్లెట్ పాలే కారణమని నేననడం లేదు. నులిపురుగులున్నాయి, పేదరికముంది, ఇంకా చాలా ఉన్నాయి. కాని డబ్బు పెట్టగలిగిన ఇళ్లల్లో కూడా పిల్లలు పాలిపోయి ఉంటే, పాల గ్లాసు వంక కూడా ఒకసారి చూడవలసిందే.

పిల్లకు ఇనుము సిరప్పు, నులిపురుగుల మాత్ర ఇచ్చి, రోజుకు ఒక్క గ్లాసు చాక్లెట్ పాలు మాత్రం ఉంచాను. పూర్తిగా మానిపించలేదు. అదీ సాయంత్రం బడినుంచి వచ్చాక, భోజనానికి కనీసం రెండు గంటల ముందు. సిరప్పు పాలతో పట్టవద్దని రెండుసార్లు చెప్పాను, ఎందుకంటే చేదుగా ఉందని చాలామంది తల్లులు చేసే పని అదే. నిమ్మరసంతోనో, జామకాయ ముక్కతోనో ఇస్తే ఇనుము బాగా పడుతుంది. పాలు, పెరుగు, మజ్జిగ అన్నీ కలిపి ఆ వయసు పిల్లలకు రోజుకు 400 మిల్లీలీటర్లు చాలు.

మన గోదావరి గట్టు పంటే

డబ్బా సంగతి వదిలేసి అసలు కోకో దగ్గరికి వద్దాం. కోకో అనగానే ఏదో విదేశీ వస్తువనుకుంటారు చాలామంది. పుట్టింది దక్షిణ అమెరికాలోనే గాని, ఈనాడు మన దేశంలో కోకో ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశ్. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో నీడన పెరుగుతుందీ చెట్టు. కాయలు కొమ్మల చివర కాకుండా మానుకే అంటుకుని కాస్తాయి, పనసకాయలకు మల్లే. నేనొకసారి ఆ ప్రాంతంలో ఆరోగ్య శిబిరానికి వెళ్లినప్పుడు చూశాను. పిల్లలు కాయ పగలగొట్టి గింజల చుట్టూ ఉండే తెల్లటి గుజ్జు చప్పరిస్తున్నారు. తియ్యగా, పుల్లగా భలే ఉంటుంది. గింజ మాత్రం ఉమ్మేస్తారు, పచ్చిది కటిక చేదు. ఆ గింజలను అయిదారు రోజులు అరిటాకులు కప్పి పులియబెట్టి, ఎండబెట్టి, వేయించితేగాని చాక్లెట్ వాసన రాదు. ఆ శిబిరానికి వచ్చిన ఇళ్లల్లోనూ పిల్లలకు పట్టేది డబ్బా పొడే. చెట్టు పెరట్లో, చాక్లెట్ బజార్లో!

అమెరికా ఖండంలో మాయా, ఆజ్టెక్ ప్రజలు శతాబ్దాల పాటు తాగిన చాక్లెట్‌లో చక్కెర అన్నదే లేదు. గింజలు నూరి, నీళ్లలో కలిపి, మిరపకాయ కూడా వేసుకుని నురగ తెప్పించి తాగేవారు. స్పెయిన్ వాళ్లు దాన్ని యూరప్ తీసుకువెళ్లాక తీపి కలిసింది. 1828లో హాలండ్‌లో వాన్ హూటెన్ కుటుంబం గింజల ముద్దను యంత్రంతో నొక్కి వెన్న వేరుచేసే పద్ధతికి పేటెంటు పొందింది. వెన్న తీయగా మిగిలిన చెక్కను పొడి చేస్తే అదే కోకో పొడి. చెట్టుకు లిన్నేయస్ అనే శాస్త్రజ్ఞుడు 1753లో పెట్టిన పేరుకు అర్థం ‘దేవతల ఆహారం’. పాపం, ఆయన డబ్బా వెనకవైపు చదవలేదు.

కొనేటప్పుడు ‘కోకో పౌడర్’ అని మాత్రమే ఉన్నది, దినుసుల పట్టికలో చక్కెర లేనిది తీసుకోండి. అందులోనూ రెండు రకాలు. లేత గోధుమరంగులో కాస్త పుల్లవాసన ఉండేది సహజమైనది. నల్లగా, మెత్తటి రుచితో ఉండేది క్షారం కలిపి శుద్ధి చేసినది. పట్టికలో 500, 501 అన్న నంబర్లు కనిపిస్తే అదేనని గుర్తు. దీనివల్ల అపకారమేమీ లేదుగాని, క్షారం కలిపితే కోకోలోని ఫ్లావనాల్స్ అనే మేలైన పదార్థాలు చాలావరకు పోతాయి. దొరికితే సహజమైనదే మంచిది. నూటయాభై గ్రాముల పొట్లం తెచ్చుకుంటే అరవై గ్లాసులకు వస్తుంది. డబ్బా పొడి అన్నాళ్లు వస్తుందేమో మీరే లెక్క చూసుకోండి.

చాక్లెట్ బిళ్లను పాలల్లో కరిగించవచ్చా అని అడుగుతారు. కరిగించవచ్చు. కాని బిళ్ల మీద 70 శాతం కోకో అని రాస్తే మిగిలిన ముప్ఫై శాతం చాలావరకు చక్కెరే. చవకగా దొరికే ‘కాంపౌండ్’ రకంలో కోకో వెన్నకు బదులు గట్టిపరిచిన నూనె ఉంటుంది. అది పాలల్లో పోయకండి.

కాచే పద్ధతి

ఒక గ్లాసుకు చెబుతాను. టోన్డ్ పాలు 150 మిల్లీలీటర్లు, నీళ్లు 50, కోకో తలగొట్టి ఒక టీచెంచా, అంటే రెండున్నర గ్రాములు. ఉప్పు చిటికెలో సగం. ఉప్పేమిటని నవ్వకండి. ఆ రవ్వంత ఉప్పు చేదును అణుస్తుంది, చక్కెర తక్కువ పడుతుంది. గేదెపాలు వాడేవారు కాచి చల్లార్చి మీగడ తీసేసి, నీళ్లు ఇంకొంచెం ఎక్కువ కలుపుకోవాలి. పూర్తి వెన్న పాలల్లో నూటికి ఆరు పాళ్లు కొవ్వు, టోన్డ్ పాలల్లో మూడు పాళ్లు. బక్కచిక్కిన పిల్లలకు పూర్తి వెన్న పాలే వాడవచ్చు, అభ్యంతరం లేదు.

కోకో పొడిని నేరుగా పాలల్లో వేస్తే ఉండలు కడుతుంది, పైన తేలుతుంది. ముందుగా పొడి ఒక గిన్నెలో వేసుకుని, రెండు చెంచాల వేడినీళ్లు పోసి, చెంచా వెనకతో మెదిపి, మెత్తటి ముద్ద చేసుకోవాలి. ఇది ఒక్కటి సరిగా చేస్తే మిగతాదంతా సులువే. ఆ ముద్దలో కొంచెం కొంచెంగా పాలు పోసి, సన్నని సెగ మీద పెట్టి కలుపుతూ ఉండండి. ఒక పొంగు రానిచ్చి, రెండు నిమిషాలు మరగనిచ్చి దించండి.

హోటల్లో ఇచ్చే హాట్ చాక్లెట్ చిక్కగా ఉంటుంది, ఇంట్లో చేస్తే నీళ్లలా ఉందని పిల్లలు పేచీ పెడతారు. ఆ చిక్కదనం సాధారణంగా మీగడవల్ల, మొక్కజొన్న పిండివల్ల వస్తుంది. మనింట్లో రాగిపిండి ఉండగా అదెందుకు? ఒక టీచెంచా రాగిపిండిని చన్నీళ్లలో జారుగా కలిపి, పాలు కాగుతున్నప్పుడు పోసి, అయిదు నిమిషాలు ఉడకనివ్వండి. పచ్చివాసన పోయేదాకా ఉడకాలి. రంగు కూడా కోకో రంగులో కలిసిపోతుంది. పిల్లలు కనిపెట్టలేరు. రాగుల్లో కాల్షియం మెండు గదా అని మురిసిపోకండి, ఒక చెంచాతో వచ్చేది ఆట్టే ఉండదు. ఇది చిక్కదనం కోసమే. బలం కావాలంటే నాలుగు బాదంపప్పులో, గుప్పెడు వేయించిన వేరుశనగపప్పులో మెత్తగా పొడిచేసి కలపండి.

వాసనకు ఏలకులు ఒకటి రెండు, లేకపోతే చిన్న దాల్చినచెక్క ముక్క. వానాకాలంలో, జలుబు చేసినప్పుడు సొంఠి చిటికెడు వేస్తే గొంతుకు హాయిగా ఉంటుంది. దాల్చినచెక్క తీపి ఉన్న భ్రమ కలిగిస్తుంది, చక్కెర తగ్గించేవారికి మంచి తోడు.

నురగ రావాలంటే కాఫీకి చేసినట్టు రెండు గ్లాసుల్లో ఎత్తి తిరగబోయండి. మజ్జిగ చిలికే చిన్న కవ్వం ఉంటే ఇంకా మేలు. మెక్సికో దేశంలో చాక్లెట్ నురగ కోసం చెక్కతో చేసిన కవ్వం లాంటిదే వాడతారు. రెండు అరచేతుల మధ్య పెట్టి గిరగిరా తిప్పుతారు, అచ్చం మనవాళ్లు పప్పు ఎనిపినంత ఒడుపుగా. పిల్లల చేతికి ఆ పని అప్పగిస్తే చక్కెర సంగతి సగం మరిచిపోతారని మా ఇంటి అనుభవం.

తీపి తగ్గించడమెలా?

పాలల్లో సహజంగానే తీపి ఉంది. ఆపైన గ్లాసుకు ఒక టీచెంచా చక్కెర చాలు. కాని రెండు మూడు చెంచాలు అలవాటైన నాలుకకు ఒకేసారి ఒకటే వేసి ఇస్తే గ్లాసు పక్కకు నెట్టేస్తారు. వారానికి పావు చెంచా చొప్పున తగ్గించండి. నెల తిరిగేసరికి ఒక చెంచా తగ్గుతుంది, ఇంట్లో ఎవరికీ తెలియదు. పెద్దవాళ్లు కూడా ఇదే చేయవచ్చు.

“చక్కెర బదులు బెల్లం వేస్తే ఫర్వాలేదు కదండీ?” ఈ ప్రశ్న వినని రోజు లేదు. బెల్లం కూడా ముఖ్యంగా చక్కెరే. అందులో కాస్త ఇనుము, కాస్త ఖనిజాలు ఉన్న మాట నిజమే గాని, చెంచా బెల్లంలో ఉండేది లెక్కలోకి రాదు. రుచికి వేసుకోండి, మందు అనుకుని వేసుకోకండి. మధుమేహం ఉన్నవారికి బెల్లం, తేనె, తాటిబెల్లం ఏదైనా ఒకటే. ఇంకోమాట, పాలు పొయ్యి మీద ఉండగా బెల్లం వేస్తే విరిగిపోతాయి. దించి, కాస్త వేడి తగ్గాక కలపాలి. ఖర్జూరాలు నానబెట్టి రుబ్బి వేస్తే పీచుపదార్థం కొంత వస్తుంది. కాని ఒక్కో పండులో సుమారు ఒక టీచెంచా తీపి ఉంది. ఒకటి వేస్తే చాలు, నాలుగు వేసి ‘చక్కెర వేయలేదు’ అనుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. తీపి మాత్రలు, పొడులు బరువు తగ్గడానికని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. పిల్లలకు అవి అసలే వద్దు.

తాతగారి ప్రశ్న

“కోకో గుండెకు మంచిదట, రోజూ రెండు గ్లాసులు తాగుతున్నాను” అని పెన్షన్ తీసుకుంటున్న ఒక పెద్దాయన గర్వంగా చెప్పారు. ఆయనకు చక్కెర జబ్బుంది. కోకోలోని ఫ్లావనాల్స్ రక్తనాళాలను కొంత సడలిస్తాయన్నది నిజమే. అయితే అమెరికాలో 21 వేల మందికి పైగా పెద్దవయసు వారిని తీసుకుని, వారిలో సగం మందికి కొన్నేళ్లపాటు రోజుకు 500 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్ మాత్రల రూపంలో ఇచ్చి చూశారు. 2022లో ఫలితాలు వచ్చాయి. గుండెజబ్బు వల్ల మరణాలు కొంత తక్కువగా కనిపించినా, గుండెపోటు, పక్షవాతం వంటివి అన్నీ కలిపి చూస్తే తగ్గాయని రుజువు కాలేదు. పైగా అది మాత్ర. చెంచా కోకో వేసిన పాలల్లో అంత పదార్థం రాదు. కాబట్టి బి.పి. మాత్రలు మానేసి కోకో తాగుతానంటే నేనొప్పుకోను. ఆయనకు చక్కెర లేకుండా అరగ్లాసు, సాయంత్రం టీకి బదులుగా తాగమన్నాను. పాలల్లో సహజంగా ఉండే చక్కెర కూడా ఆయన లెక్కలో చేరుతుంది మరి. ఆయన మొహం చిన్నబోయింది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు ఆ మాత్ర పాలతో గాని, వేసుకున్న వెంటనే పాలు గాని తాగకూడదని కూడా ఇదే సందర్భంలో చెబుతున్నాను.

మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవారు కోకో తగ్గించాలి, అందులో ఆక్సలేట్లు హెచ్చు. గుండెల్లో మంట, పులితేన్పులు ఉన్నవారు రాత్రి పడుకునే ముందు తాగకూడదు. పాలు పడక కడుపుబ్బరం వచ్చేవారు చక్కెర కలపని సోయాపాలతో కాచుకోవచ్చు. పిల్లలకు రాత్రి ఇస్తే నిద్ర చెడుతుందా అని కొందరి భయం. చెంచా కోకోలో కెఫీన్ ఆరు మిల్లీగ్రాములకు మించదు, కాఫీలో దానికి పదింతలకు పైగా ఉంటుంది. నిద్ర కన్నా పళ్ల కోసమే రాత్రి వద్దంటాను. తాగి, పళ్లు తోముకోకుండా పడుకుంటే తెల్లవార్లూ తీపి పంటినే అంటిపెట్టుకుని ఉంటుంది.

2022, 2023 సంవత్సరాల్లో అమెరికాలో ఒక వినియోగదారుల పత్రిక పరీక్ష చేయించినప్పుడు కొన్ని చాక్లెట్లలో, కోకో పొడుల్లో సీసం, కాడ్మియం కనిపించాయి. నేలలోంచి, ఎండబెట్టే చోట దుమ్ములోంచి చేరతాయవి. గాభరా పడవలసిన పనిలేదు గాని, పిల్లలకు రోజుకు ఒక్క చెంచా కోకో మించవద్దని నేననడానికి ఇదీ ఒక కారణం. వారంలో రెండు మూడు రోజులు మామూలు పాలే ఇవ్వండి. గ్లాసులో మిగిలింది పెంపుడు కుక్కకు పోయకండి. కోకోలోని థియోబ్రోమిన్ మనకు ఏమీ చేయదుగాని కుక్కలకు విషం.

ఆ పిల్ల మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. హిమోగ్లోబిన్ 11.4 గ్రాములకు చేరింది. ఇనుము సిరప్పు ఇంకో రెండు నెలలు ఆపవద్దని చెప్పాను, ఒంట్లో నిల్వ చేరాలి గదా. పళ్ల డాక్టరు రెండు పళ్లకు సిమెంటు పెట్టారట, ఒకటి తీసేశారట. మొదటి నెల నరకం చూపించిందని తల్లి చెప్పింది. రెండో నెలనుంచి ఆకలికి ఓర్చుకోలేక పప్పన్నం తినడం మొదలుపెట్టిందట. సాయంత్రం గ్లాసు మాత్రం కవ్వం పట్టుకుని తనే చిలుక్కుంటుందట. 

లేచి వెళ్లబోతూ, చంకలో ఉన్న చిన్నవాణ్ణి చూపించి, “వీడికి ఏడాదిన్నరండీ. అక్క గ్లాసు చూసి ఏడుస్తున్నాడు. ఒక గుక్క పట్టనా?” అంది.

“కోకో, చక్కెర వాడికి రెండేళ్లు నిండాక చూద్దామమ్మా. అంతదాకా వాడి గ్లాసులో ఉత్తి పాలే పోసి, కవ్వం మాత్రం ఇవ్వండి” అన్నాను.